ముత్యం మరణములో మొదటి ముద్దాయిగా నన్ను నమోదు చేయుట గురించి

గోదావరిఖని,
డిసెంబరు 19.

పోలీసు కమిషనర్ గారి సముఖమునకు,

అర్జీదారు: మహ్మద్ అస్గర్, వయస్సు 56 సం.లు, బొగ్గుబాయి మాజీ కార్మికుడు, ప్రస్తుత వృత్తి వెల్డింగు షాపు (ఈ నెలలోనే కాలిపోయినది).

విషయం: ఐదేండ్ల క్రితము శాసనసభ ఎన్నికల పోలింగు దినమున ముత్యం అను రిటైర్డు కార్మికుని కొట్టి చంపినది నేనే అయినందున, నన్ను అరెస్టు చేయవలసినదిగా కోరుట గురించి.

అయ్యా,

పై విషయమును పురస్కరించుకొని తమకు మనవి చేయునది ఏమనగా, ఇది నా మూడవ అర్జీ. మొదటిది తీసుకొని మా ఠాణాకు వెళ్లగా, డ్యూటీలో ఉన్న జవాను రెండు పంక్తులు చదివి "చాచా, తాగినవా? ఇంటికి పో" అని పంపివేసినాడు. రెండవది అధికారి గారి చేతికే ఇచ్చినాను. ఆయన తలుపు వేయించి, "ఐదేండ్ల కింద మూసిన ఫైలు. గిప్పుడు తెరిస్తే దుమ్ము మా కండ్లల్లనే పడ్తది" అని కాగితమును మడిచి నా జేబులోనే పెట్టినారు. అందుచేత తమ వద్దకు వచ్చుచున్నాను.

ఇరువది ఏండ్లు ఇక్కడి కార్మికుల అర్జీలు నేనే వ్రాసినాను. క్వార్టరు కురుస్తున్నదని, లీవు మంజూరు కాలేదని, కొడుకు పేరు రికార్డులో తప్పు పడినదని. ఏ అర్జీలోనూ అబద్ధము వ్రాయలేదని చెప్పజాలను. ఇందులో మాత్రము లేదు. నా కుడిచేయి కట్టులో ఉన్నది; మొదటి రెండు అర్జీలు ఎడమచేతితో నేనే గీకినాను, దీనిని నేను చెప్పుచుండగా నా కుమార్తె ఇల్మా, డిగ్రీ రెండవ సంవత్సరం, వ్రాయుచున్నది. ఆమెకు ఈ సంగతులు ఇదివరకు తెలియవు.

1. ప్రస్తుత శాసనసభ్యులు జక్కుల ఉపేందర్ గారును, నేనును ఒకే దినమున ఒకే బాయిలో చేరినాము. బొగ్గు ఎత్తి టబ్బులలో నింపుట మా పని. ముత్యం మాకన్నా పదిహేనేండ్లు పెద్ద. గని కప్పు కూలకుండా కర్రదిమ్మెలు నిలబెట్టే టింబర్‌మన్. ఇద్దరమూ కాకా అని పిలిచేవాళ్లం. చేరిన మూడవ నెలలో కప్పు కూలింది. ఉపేందర్ నడుము దాకా బండ కింద చిక్కాడు. నేను బయటికి ఉరికాను. కాక ఎదురు వెళ్లి, ఇంకా పెళ్లలు రాలుతుండగానే, చేతులతో తోడి వానిని బయటికి లాగాడు. కాక గోళ్లు రెండు ఊడిపోయాయి. నేను సిగ్గుతో తల ఎత్తలేకపోతే, "ఉరికినందుకు ఏడ్వకురా. బతికినోడే ఇంకొకన్ని బయటికి తీస్తడు" అన్నాడు.

2. ఉపేందర్‌కు మాట ఉన్నది. గేటు మీటింగులో వాడు మైకు పట్టుకుంటే షిఫ్టు దిగిన మనిషి అన్నానికి పోవడం మరిచేవాడు. అట్లా యూనియన్ లీడరు అయ్యాడు, పార్టీ లేకుండానే శాసనసభకు నిలబడ్డాడు, ఓడిపోయాడు. ఫలితం వచ్చిన మర్నాడు గెలిచినవాళ్ల మనుషులు కూరగాయల మార్కెట్లో, జనం చూస్తుండగా, వాని ముందుపండ్లు నాలుగు రాలగొట్టారు. జుట్టు పట్టి మురికికాలువ దాకా ఈడ్చారు. నేనే భుజాన వేసుకొని దవాఖానకు తెచ్చాను. నెత్తురు ఉమ్మి వాడన్న మాట ఇది: "ఓడినందుకు కొట్టలేదు అస్గర్, నిలవడ్డందుకు కొట్టిండ్రు. ఇంకోపారి మనం తినేది లేదు. మనమే వెయ్యాలె." మరుసటి ఎన్నికకు జెండా కర్రలు చెయ్యమని నాకు పని చెప్పాడు. నేను చేసి ఇచ్చినవి ఇనుప రాడ్లు. వాటికి జెండాలు కట్టారు.

3. ఆ రెండవ ఎన్నికలో పెద్ద పార్టీ టికెట్టు వచ్చింది. అప్పటికి రిటైరైన ముత్యం కాక ఎదుటి అభ్యర్థి తరఫున పోలింగు ఏజెంటుగా కూర్చోవడానికి ఒప్పుకున్నాడు. ఎందుకని ఉపేందర్ నా ముందే అడిగాడు. "ఓపెన్‌కాస్టు బాయి కింద నా ఊరు పోతదంటే అడ్డం పండుకుంటనన్నవు. టికెట్టు రాంగనే నోటికి తాళమేసుకున్నవు. నిన్ను బండ కిందికెళ్లి తీసిన చేతులే గివి. నీకు ఓటెయ్యయి" అన్నాడు కాక.

పోలింగు నాడు మధ్యాహ్నం మా కాలనీ బడిలో కాక దొంగ ఓటర్లను ఒక్కొక్కరినే పట్టుకుంటున్నాడు. "గీ పేరుగల్లాయన సచ్చి రెండేండ్లాయె. దినాలకు నేనే పోయిన. నువ్వెట్ల లేసొచ్చినవు?" అని నిలబడి అడుగుతుంటే క్యూలో జనం నవ్వుతున్నారు. ఉపేందర్ నాకు ఫోను చేశాడు. "కాకను లేపు. ఎట్లన్న లేపు. నాలుగింటికల్ల ఆ కుర్చీ ఖాళీ ఉండాలె." ఎట్లన్న అంటే ఎట్లని నేను అడగలేదు.

నీళ్లు తాగుదాం రమ్మని కాకను బడి వెనుకకు పిలిచింది నేను. నేను పిలిచాను కాబట్టి వచ్చాడు. అక్కడ విరిగిన బెంచీలు కుప్పపోసి ఉన్నాయి. ఇంటికి పొమ్మని బతిమాలాను. "నువ్వు గూడ బండ కిందనే ఉన్నవు కొడుకా, నీకే తెలుస్తలేదు" అని నవ్వాడు. బెంచీ ఇనుపకాలు చేతికి దొరికింది. మొదటి దెబ్బ భుజానికి అనుకొని వేశాను, భుజానికే తగిలింది. రెండవది తలకు అనుకొనే వేశాను. ఈ మాటను ప్రత్యేకముగా నమోదు చేసుకొనగలరు. పొరపాటున తగిలిందని ఐదేండ్లు నాకు నేను చెప్పుకున్నాను. పొరపాటు కాదు. మూడవది, కాక పడిపోయిన తర్వాత వేశాను. తడి కర్ర విరిగిన చప్పుడు వచ్చింది.

చెవిలోంచి నెత్తురు కారి చొక్కా కాలరు నిండింది. కళ్లు తెరిచే ఉన్నాయి. నన్ను గుర్తుపట్టాడు, కానీ కొట్టింది నేనన్న సంగతి ఆయనకు గుర్తులేదు. నా చెయ్యి పట్టుకొని, "అస్గర్, కప్పు కూలింది. పోరగాండ్లు లోపట్నే ఉన్నరు. జల్ది బయటికి తియ్యి" అన్నాడు.

(ఇచట నా కుమార్తె కలము ఆపినది. పావుగంట తరువాత మరల వ్రాయుచున్నది.)

4. కాక మూడవ రోజు దవాఖానలో చనిపోయాడు. అందరికన్నా ముందు ఉపేందర్ వచ్చాడు. నన్ను శవాల గది వెనుకకు తీసుకెళ్లి, "నువ్వేం జెయ్యలే. కాక మెట్ల మీద జారిండు. అను" అన్నాడు. నేను అనలేదు. చెంప మీద కొట్టాడు. "అను." అన్నాను. మూడుసార్లు అనిపించాడు. తర్వాత నన్ను పట్టుకొని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపు దొంగది కాదు. అదే నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కాలు జారి మరణం అని కాగితాలు తయారైనవి. కుర్చీ ఖాళీ అయినాక ఆ ఒక్క బూతులో ఉపేందర్‌కు నాలుగు వందల ఓట్లు పడ్డాయి. ఆయన గెలిచింది మూడు వందల పన్నెండు ఓట్లతో. ఓడిన అభ్యర్థి రెండు నెలలకు ఆయన పార్టీలోనే చేరినందున, అడిగే మనిషి లేకుండా పోయినాడు.

5. తదుపరి సంవత్సరము ముత్యం స్మారక భవనము నిర్మించబడినది. శాసనసభ్యులు స్వయముగా ప్రారంభించినారు. రాతి మీద "అమరుడు" అని చెక్కడానికి మాటలు వ్రాసి ఇచ్చింది నేను. కాక భార్య సారవ్వ చేత రిబ్బను కత్తిరింపజేశారు. కత్తెర పళ్లెంలో పెట్టి పట్టుకుంది కూడా నేనే.

6. ఈ సంవత్సరము ప్రచారం మొదటి సభలో ఉపేందర్, "ముత్యం కాక నా చేతుల్లనే పాణమిడిసిండు. గెలువు బిడ్డా అని దీవించిండు" అని ఏడ్చాడు. సారవ్వ ముందు వరుసలోనే కూర్చున్నది. అక్కడే లేచి, "మూడొద్దులు నేను పక్కకెళ్లి కదల్లే. దవాఖానల ఆయన నోరే తెరువలే. నువ్వెప్పుడిన్నవు?" అని అడిగింది. కార్యకర్తలు ఆమెను రెక్క పట్టి బయటికి నెట్టారు. పడి మోకాళ్లు పగిలాయి. మూడవ దినమున ఆమె ఉపేందర్‌కు ఎదురుగా స్వతంత్ర అభ్యర్థిగా నామినేషను వేసింది.

ఉపేందర్ నన్ను పిలిపించాడు. "చిన్నమ్మతోని విత్‌డ్రా చేపియ్యి. ఇనకుంటె నీ తీరుగ చెప్పు" అన్నాడు. నా తీరు ఏమిటో ఆ గదిలో మా ఇద్దరికే తెలుసు.

వెళ్లాను. సారవ్వ వాకిట్లో కూర్చొని పగిలిన మోకాలికి పసుపు పెట్టుకుంటున్నది. "చిన్నమ్మా, విత్‌డ్రా చేస్కో. వాళ్లు ఊకునేటోళ్లు గాదు" అన్నాను.

"వాళ్లంటే ఎవలు అస్గర్? నువ్వు గాదా?"

తెలిసి అన్నదో, తెలియక అన్నదో. ఆమె మళ్లీ అన్నది: "మన బూతుల కూసుండేటందుకు ఏజెంటు దొర్కుతలేడు. ముగ్గురినడిగిన. ఆయన కూసున్న కుర్చీ అంటె అందరికి భయమే. నువ్వు కూసుంటవా?"

కూర్చుంటానన్నాను.

7. పోలింగు నాడు అదే బడిలో, అదే గదిలో కూర్చున్నాను. పదకొండు గంటలకు నలుగురు వచ్చి నన్ను వెనుకకు ఈడ్చుకుపోయారు. ఒకడు మోచేతి మీద నిలబడ్డాడు. ఒకడు నా కుడిచేతిని రాతిమెట్టు మీద పరిచి రాడ్డుతో కొట్టాడు. ఆ రాడ్డు నేను వెల్డింగు చేసినదే, అతుకును గుర్తుపట్టాను. "రాసే చెయ్యి గిదేనా?" అని అడిగి మరీ కొట్టాడు. వేళ్లు నాలుగు, మణికట్టు విరిగినవి. వాళ్లు పోయాక లేచి, వాంతి చేసుకొని, వచ్చి మళ్లీ కుర్చీలో కూర్చున్నాను. బూతు అధికారి "దవాఖానకు వెళ్లవయ్యా" అని చేతులు జోడించాడు. ఐదు గంటలకు పెట్టెలు సీలు వేసిన తర్వాత వెళ్లాను. వెళ్లేముందు బూతు ఓట్ల లెక్క కాగితం మీద ఏజెంటుగా ఎడమచేతి వేలిముద్ర వేశాను. మీరు తెప్పించి చూడవచ్చు.

8. ఉపేందర్ పంతొమ్మిది వేల మెజారిటీతో గెలిచాడు. సారవ్వకు మొత్తం పదకొండు వందల నలభై ఓట్లు, మా బూతులో నలభై ఒకటి. ఊరేగింపు ఆమె ఇంటి ముందు ఆగింది. వెలిగించిన పటాకుల సరం కిటికీలోంచి లోపలికి విసిరారు. చీర కొంగు అంటుకున్నది. పక్కింటివాళ్లు బొంత కప్పి ఆర్పారు. ఇంటి రేకులు రాళ్లతో పగలగొట్టారు. అదే పూట నా షాపు కాల్చారు.

నేను ఊరేగింపుకు అడ్డం వెళ్లి నిలబడ్డాను. ఉపేందర్ బండి దిగి వచ్చాడు. ఎంత గొంతు ఉంటే అంత గొంతుతో, "కాక జారలే. నేను జంపిన. లేపుమన్నది నువ్వు" అని అరిచాను. బ్యాండు చప్పుడులో ఎవరికీ వినపడలేదు. ఆయనకు వినపడింది. తన మెడలోని దండ తీసి నా మెడలో వేసి, దండతో సహా నా మెడ పట్టి చెవిలో, "ఇల్మా ఏ బస్సుకు కాలేజికి పోతది?" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

కావున తమరు దయతో:

ముత్యం హత్య కేసును తెరిచి, నన్ను మొదటి ముద్దాయిగాను, శాసనసభ్యులు ఉపేందర్ గారిని రెండవ ముద్దాయిగాను చేర్చవలెను. సారవ్వ ఇంటి వద్ద కాపలా పెట్టవలెను. నా కుమార్తె చదువు ఆగకుండా చూడవలెను. నా చేతి విషయమై ప్రత్యేకముగా కేసు అక్కరలేదు. శిక్ష తగ్గింపు కోరుట లేదు.

ఆలస్యముగా చెప్పినంత మాత్రమున ఇది అబద్ధము కాజాలదని చిత్తగించవలెను.

ఐదేండ్లు తప్పించుకు తిరిగిన
తమ విధేయుడు,
మహ్మద్ అస్గర్
(ఎడమచేతి వేలిముద్ర)

తా.క.: సార్, ఇది నేను రాస్తున్నాను, ఇల్మా. మా అబ్బా చెప్పింది కాదు.

మీకు ఇచ్చే ముందు ఈ కాగితం సారవ్వకు చదివి వినిపించాలన్నారు అబ్బా. అమ్మీ వద్దని కాళ్లు పట్టుకుంది. అయినా పొద్దున వెళ్లాం. అవ్వ వాకిలి ఊడుస్తున్నది. నేను చదివాను. మూడో నంబరు దగ్గర ఆగాను. "సదువు" అన్నది అవ్వ. చివరిదాకా విన్నది. లోపలికి పోయి రోకలి తెచ్చింది. అబ్బా కదల్లేదు. భుజం మీద ఒకటి, వీపు మీద ఒకటి వేసింది. అబ్బా నేల మీద కూలబడ్డారు. మూడోది ఎత్తి, తల పైన అట్లాగే పట్టుకొని నిలబడింది. నేను అడ్డం పోలేదు సార్. పోవాలో వద్దో నాకు తెలియలేదు. చాలాసేపటికి రోకలి పక్కన పెట్టింది.

"బిడ్డా, నీకు ఎప్పుడెర్క?" అని నన్ను అడిగింది.

"నిన్ననే, అవ్వా. రాసేటప్పుడు."

"పా. నేను గూడ వస్త. ఐదేండ్లు నా ఇంట్ల చాయ తాగిండు. తొవ్వల దిగి ఉరుకుతె నేనేడ దొర్కవట్టాలె?"

ఆటో ఎక్కేముందు అబ్బా చొక్కా కాలరు పట్టుకుంది. ఇప్పుడు మీ ఆఫీసు వరండాలో బల్ల మీద ముగ్గురం కూర్చున్నాం. రెండు గంటలైంది. మీ జవాను వచ్చి రెండుసార్లు కాలరు విడువమన్నాడు. "కేసు రాసినట్టు రసీదు నా చేతుల పెట్టు, అప్పుడిడుస్త" అన్నది అవ్వ. ఇంకా విడువలేదు.