దండకు రాని పగడాలు

అక్కా,

ఇక్కడ అందరం బాగున్నాం, కార్డు చూసి కంగారు పడకు. సెలవుల్లో పగడాల దీవులకు వెళ్లడం ఖాయమైపోయింది! బడి బస్సు నడిపే మీ మరిది అప్పుడే బకెట్లో ముఖం ముంచి, నోట్లో గొట్టం పెట్టుకుని గాలి పీల్చడం నేర్చుకుంటున్నాడు.

నువ్వు దండకు సరిపడా పగడాలు తెమ్మని రాశావు కదా. నిన్న పడవ టికెట్లిచ్చే ఆఫీసులో అడిగాను: "ఎర్రవి ఏ కొట్లో దొరుకుతాయండీ? గుండ్రంగా ఉండాలి. మా అక్క టైలరు, వంకరవి తెస్తే ఊరుకోదు." వరసలో ఉన్నవాళ్లంతా ఒకటే నవ్వు. కిటికీ వెనకున్నావిడ మాత్రం నవ్వలేదు. "అవి రాళ్లు కాదమ్మా, ప్రాణమున్నవి. ఇంకా పెరుగుతున్నాయి. ముట్టుకోకుండా చూసి రావాలంతే" అంది. సిగ్గుతో చచ్చాననుకో!

ఆ సిగ్గులోనే ఇంకో టికెట్ తీసేశాను, నీ పేరు మీద. తిట్టకు. నువ్వు వారం రోజులు కొట్టు మూస్తే ఊరు బట్టల్లేకుండా తిరగదులే. బావకు నేను చెప్తాను. మిషను మోటారు బాగు చేయించావా? చేయిస్తే నీళ్లలోకి మనిద్దరికీ ఒకే గుడ్డలో పైజామాలు కుట్టు. నా పాత కొలతలు నమ్మకు, నడుం దగ్గర బాగా వదులు పెట్టు.

చోటు చాలక అడ్రసు మీదికి పాకుతున్నాను. బావకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. పగడాలను నీ దగ్గరికి తేలేను గానీ, నిన్ను వాటి దగ్గరికి తీసుకెళ్లకుండా వదలను.

నీ చెల్లి