చీపురు పట్టిన చోటికి

జనవరి 24, గురువారం

మళ్ళీ విన్నిపెగ్. మళ్ళీ అదే జిమ్ము, నడుము విరగ్గొట్టే అవే ప్లాస్టిక్ కుర్చీలు. పన్నెండో తరగతి లెక్కల పేపర్లు ప్రావిన్స్ నలుమూలల నుంచీ కట్టలు కట్టలుగా వచ్చి పడ్డాయి. జూన్‌లో రిటైరవుతున్నాను, చలికాలపు దిద్దుబాటు ఇదే ఆఖరు. హుందాగా ముగించుకుని ఇంటికి పోదామనుకున్నాను.

మా బల్లకి లీడర్ వెండెల్ ఉన్రూ అట. ఇంకెవరూ దొరకలేదు కాబోలు. మా ఊరివాడే, ఊళ్ళో రెండో బడిలో లెక్కలు చెబుతాడు. ఆరేళ్ళుగా అతనికి గుడ్ మార్నింగ్ తప్ప మరో మాట చెప్పను. ఇవాళ అది కూడా సణుగుతూనే చెప్పాను.

మాకొచ్చిన ప్రశ్న ధాన్యం గాదెది. గుండ్రటి గాదె చుట్టుకొలత, ఎత్తు ఇచ్చారు. వ్యాసార్థం కనుక్కుంటే ఒక మార్కు. దాంతో ఎంత గోధుమ పడుతుందో చెబితే రెండు. అది మోయడానికి ఎన్ని లారీలు కావాలో చెబితే ఇంకో రెండు. కీ ప్రకారం పన్నెండు లారీలు.

అసలు పని మొదలెట్టే ముందు అందరికీ ఒకే పేపర్ నకళ్ళు ఇచ్చి, ఎవరికి వాళ్ళని దిద్దమంటారు. అందరి మార్కులూ కలవాలి. ఎప్పుడూ ఉండే తంతే. ఇవాళ్టి పిల్ల (చేతిరాత చూస్తే పిల్లే అనిపించింది) వ్యాసార్థం దగ్గరే బోల్తా పడింది. మూడున్నర రావాల్సిన చోట ఏడు రాసింది. ఆ ఏడుతోనే చివరిదాకా లాక్కెళ్ళి నలభై ఏడు లారీలని తేల్చింది. కింద ఒక మాట కూడా రాసింది. మా నాన్న గాదెకి పన్నెండు ట్రిప్పులే పడతాయి, కాబట్టి నేనెక్కడో తప్పు చేశాను, వెతుకుదామంటే టైం లేదు, సారీ అని.

నేను ఐదుకి ఒకటిచ్చాను. బల్ల దగ్గర మిగతా అందరూ నాలుగిచ్చారు.

పక్క కుర్చీలో థోరా అని గిమ్లీ నుంచి వచ్చిన కొత్త టీచరు. కళ్ళింత చేసుకుని, ఒక్కటేనా మేడం, పాపం సారీ కూడా చెప్పింది కదా అంది. సారీకి మార్కుల్లేవమ్మా అన్నాను. ఒక్క గాదె ముందు నలభై ఏడు లారీలు నిలబెడితే మా ఊళ్ళో జనం రోడ్డు దాటక్కర్లేదా అన్నాను. నవ్వి నవ్వి దగ్గొచ్చింది ఆ అమ్మాయికి.

దిద్దుబాటు మొత్తానికి చీఫ్ కొలెట్ గోవాన్ మాత్రం నవ్వలేదు. తప్పు మొదట్లో ఒక్కటే చేసింది, దానికి ఒక మార్కు కోశాం, అక్కణ్ణుంచి ఆ తప్పు అంకెతోనే పద్ధతిగా చేసుకుపోయింది, ఒక తప్పుకి ఒక్కసారే కోత లోర్నా, మళ్ళీ మళ్ళీ కొట్టడానికి మనమెవరం అంది.

రూలు నాకు తెలియక కాదు. నచ్చదు, అంతే. తప్పు తప్పే.

జనవరి 25, శుక్రవారం

ఇవాళ్టి నమూనా పేపర్లో కూడా అందరికంటే నేనే తక్కువ వేశాను. మూడోసారి ఇలాగే అయితే లెక్కింపు బల్లకి పంపేస్తానంది కొలెట్. అంటే కట్టలకి రబ్బరు బ్యాండ్లు వేసే పని. ఇన్నేళ్ళు దిద్దిన దాన్ని, ఆఖరు వారం రబ్బరు బ్యాండ్లా! థోరా తెచ్చిన ఏడు పొరల కేకు కూడా గొంతు దిగలేదు. రెండు ముక్కలే తిన్నాను.

జనవరి 26, శనివారం

సెలవు. మా ఆయన ఆబ్ కర్లింగ్ రింకుకి పోదాం, మంచు మీద రాళ్ళు జార్చి ఆడొద్దాం రమ్మన్నాడు. రానన్నాను. ఆరేళ్ళుగా ఇదే ప్రశ్న, ఇదే జవాబు. మొగుడన్నవాడికి ఈపాటికి విసుగు పుట్టాలి.

ఎందుకు పోనో ఎప్పుడూ రాసుకోలేదు. ఇవాళ ఒళ్ళు మండుతోంది, రాస్తాను.

ఆరేళ్ళ కిందటి టీచర్ల కర్లింగ్ పోటీ, ఫైనల్. మా జట్టుకి కెప్టెన్ వెండెల్. ఆఖరి రాయి నాది. అది మంచు మీద గీసిన వలయంలో ఆగితే గెలుపు మాదే. అవతలి కొసన కెప్టెన్ మంచు తుడిచే చీపురుని గురి కోసం నిలబెట్టి చూపిస్తాడు. ఇవతలి కొసన వేసేవాళ్ళకి ఆ చీపురు తప్ప ఇంకేం చూసే పని లేదు, రాయిని దానికి గురిపెట్టి వదలడమే. వదిలాను. దారం పట్టినట్టు చీపురు మీదికే వెళ్ళింది. కానీ ఆయనగారు చీపురు పట్టిందే తప్పు చోట! రాయి కాస్త వంపు తిరిగి వలయం పక్కనుంచి హాయిగా సాగిపోయింది. ఓడిపోయాం.

ఊరు ఏమంది? లోర్నా ఆఖరి రాయి పోగొట్టింది అంది. ఇప్పటికీ స్టోరు కాఫీ బల్ల దగ్గర ఆ మెన్నో ముసలాడు నన్ను చూడగానే, ఏం ఆఖరి రాయీ, బాగున్నావా అంటాడు. వెండెల్ పక్కనే కూర్చుని కాఫీ తాగుతాడు. చీపురు నాది, తప్పు నాది అని ఒక్కసారంటే వాడి సొమ్మేం పోయింది?

జనవరి 28, సోమవారం. మధ్యాహ్నం 12.20

దొంగలు దొరికారు!

పొద్దున్నే కారు కదల్లేదు. మైనస్ ముప్పై ఐదులో ఇంజన్ హీటరు ప్లగ్గు పెట్టడం మర్చిపోయాడు మా ఆబ్. పైగా నన్నడక్కుండా వెండెల్‌కి ఫోన్ చేశాడు. గంటంపావు అతని ట్రక్కులో కిటికీలోంచి తెల్లటి పొలాలు చూస్తూ కూర్చున్నాను. జిమ్ములో అడుగు పెట్టగానే కళ్ళద్దాలు తెల్లగా పొగబారిపోయాయి. ఆ తొందరలోనే కుర్చీలో పడ్డాను.

ఇవాళ ప్రశ్న మారింది. స్కేటింగ్ రింకులో అరచేతి మందం మంచు పరవడానికి ఎంత నీళ్ళు కావాలి, పైపుతో నింపడానికి ఎన్ని గంటలు పడుతుంది అని. కీ చూసి జవాబు చీటీ మీద రాసుకున్నాను, 87 ఘనపు మీటర్ల నీళ్ళు. గంటకి ఆరు చొప్పున పద్నాలుగున్నర గంటలు.

ఒక కట్ట తీశాను. ఒకే బడిది, పేరు కనబడదు. మొదటి పిల్లాడు 78, పదమూడు గంటలు అన్నాడు. తప్పు. రెండోదీ 78. మూడోదీ 78! కట్ట సగానికి వచ్చేసరికి నాకు అర్థమైపోయింది. ఇంతమందికి ఒకే తప్పు జవాబు ఊరికే వస్తుందా? చూసి రాసుండాలి. లేదా ఆ టీచరుగారే వరసల మధ్య తిరుగుతూ గొణిగుండాలి, అదీ తప్పు జవాబు, సిగ్గులేకపోతే సరి!

తిండి అయ్యాక కొలెట్‌కి చెబుతాను. ఆ బడి రిజల్టు మొత్తం ఆపాల్సిందే. రబ్బరు బ్యాండ్లు ఎవరు వేస్తారో అప్పుడు చూద్దాం.

మధ్యాహ్నం 2.00

నా మొహం.

రాత్రి

సరే, రాస్తాను. పెన్ను పట్టుకోవడానికే సిగ్గుగా ఉంది.

కట్ట పట్టుకుని జిమ్ము మధ్యకి వెళ్ళి, బడి బడంతా కాపీ కొట్టిందని గట్టిగానే అన్నాను. అన్ని బల్లలూ తలలెత్తాయి. కొలెట్ మొదటి పేపర్ చూసింది. రెండోది చూసింది. కీ తెరిచి నా ముందు పెట్టింది. జవాబు 78. పదమూడు గంటలు. పొగబారిన అద్దాల్లోంచి నేను అంకెలు తారుమారు చేసి రాసుకున్నాను.

పాపం, ఆ పిల్లలందరూ చూసి రాసింది బుర్రలోకే. చక్కగా చదువుకుని వచ్చి చక్కగా చేశారు. కొలెట్ కీ తెరిచి చూడకపోతే వాళ్ళ రిజల్టు ఆపించేదాన్ని. వెనక బల్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు.

కొలెట్ వెండెల్ వైపు తిరిగి, నీ బల్ల, నువ్వే చెప్పు, ఏం చేద్దాం అంది.

అయిపోయింది, ఆరేళ్ళ గుడ్ మార్నింగులకి ఇవాళ బదులు తీర్చుకుంటాడు అనుకున్నాను. వెండెల్ నా చీటీ తీసుకుని, విద్యార్థి పేపర్ చూసినట్టు తల వంచి చాలాసేపు చూశాడు. తర్వాత తీరిగ్గా మొదలెట్టాడు. కీలోంచి దించుకోవడంలో ఒక తప్పుందండీ, ఒక మార్కు కోత. తర్వాత ఎనభై ఏడుని ఆరుతో భాగించింది, పద్నాలుగున్నర, కరెక్టు. ఆ జవాబుతోనే కట్టంతా దిద్దింది, ఒక్కచోట కూడా చెయ్యి జారలేదు, ఇంత నిలకడగా దిద్దినవాళ్ళు ఈ జిమ్ములో ఇంకెవరూ లేరు. దిద్దిన పేపర్లు బోలెడు కావచ్చు, తప్పు మాత్రం ఒక్కటే. ఐదుకి నాలుగు.

జిమ్మంతా గొల్లుమంది. కొలెట్ కూడా. నేనూ నవ్వాను, కళ్ళెందుకో తడిశాయి. నిలకడా న్యాయమూ ఒకటి కాదని ఇన్నేళ్ళ తర్వాత నాకు ఎవరైనా చెప్పాల్సి వచ్చిందా! నాలుగు మార్కులు ఎవరైనా ఇస్తే ఎంత బాగుంటుందో మాత్రం ఇవాళే తెలిసింది. కొలెట్ రేపటి నమూనా పేపర్ దాకా గడువిచ్చింది. థోరా తన కుర్చీ నా పక్కకి జరుపుకుంది. ఇద్దరం కట్టంతా మొదట్నుంచీ దిద్దాం.

తిరుగు ప్రయాణంలో ట్రక్కులో నేనే నోరు తెరిచాను. ఆరేళ్ళది మొత్తం కక్కేశాను, చీపురు దగ్గర్నుంచి మెన్నో దాకా. వెండెల్ బ్రేకు వేయబోయి ఆగాడు. అయ్యో లోర్నా, నువ్వు చీపురుకే వేశావు, ఆ చోటే తప్పు, ఊరంతా చూసిందిగా, అందరికీ తెలుసనుకున్నానే అన్నాడు. మరి నా మొహం మాడిపోవడం చూసి ఏమనుకున్నావు అన్నాను. రెండో బహుమతిగా ఇచ్చిన పంది తొడ మొత్తం నేనే ఇంటికి పట్టుకుపోయానని కోపమేమో అనుకున్నాడట. కావాలంటే ఈ ఈస్టరుకి ఒకటి కొనిస్తా అన్నాడు.

ఇంటికి పోనివ్వకుండా ట్రక్కు స్టోరు ముందు ఆపాడు. కాఫీ బల్ల దగ్గర మెన్నో మామూలే, ఏం ఆఖరి రాయీ, ఊరెళ్ళొస్తున్నావా అన్నాడు. వెండెల్ నిలబడి టోపీ తీసి చెప్పాడు. ఆ రాయి ఆమె నేను చీపురు పట్టిన చోటికే వేసింది, చోటు తప్పు, చీపురు నాది, రాసుకోండి అని. మెన్నో గడ్డం గోక్కుని, ఆరేళ్ళకా చెప్పేది అన్నాడు. రీ-మార్కింగ్‌కి టైం పడుతుంది మావా అన్నాడు వెండెల్.

ఆబ్‌కి చెబితే అన్నం ముందు కూర్చుని పగలబడి నవ్వాడు. ప్లగ్గు మర్చిపోయినందుకు నాకెన్ని మార్కులు అన్నాడు. ఒకటి కోశాను.

జనవరి 29, మంగళవారం

ఆఖరి నమూనా పేపర్. మళ్ళీ గాదె ప్రశ్న. ఈ పిల్లాడు వ్యాసార్థం సరిగ్గానే కనుక్కున్నాడు గానీ ఘనపరిమాణం దగ్గర ఎత్తు తప్పు వేసి ఇరవై మూడు లారీలన్నాడు. చెయ్యి అలవాటుకొద్దీ ఒకటి వైపు వెళ్ళింది. పట్టుకుని వెనక్కి లాగాను. అతను తప్పిన చోటు వెతికాను, ఒక్కటే ఉంది. అక్కణ్ణుంచి అతని అంకె నేనే పట్టుకుని చివరిదాకా నడిచి చూశాను. అడుగు తప్పలేదు.

నాలుగు. బల్లంతా నాలుగు.

కొలెట్ రబ్బరు బ్యాండ్ల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. డబ్బా వంకా ఆమె వంకా మార్చి మార్చి చూశాను. కట్ట కట్టుకోవడానికి ఒకటి తీసుకో తల్లీ, అలా చూస్తావేం అంది.

మొన్నటి నలభై ఏడు లారీల పిల్లకి నాలుగే పడ్డాయట. కనుక్కున్నాను. కేకు మూడు ముక్కలు తిన్నాను.

ఫిబ్రవరి 2, శనివారం

రింకుకి వెళ్ళాను. ఆఖరి రాయి నాకే ఇచ్చారు. అవతల వెండెల్ చీపురు పట్టాడు. చూడగానే తెలిసింది, మళ్ళీ తప్పు చోటే. అక్కడికే వేశాను.

ఓడిపోయాం. నాకు ఐదుకి ఐదు.