దొరసాని కొత్తిల్లు

పిన్నీ,

చెల్లాయి పెళ్ళికి రాలేదని నువ్వు మూతి ముడుచుకున్నావని అమ్మ చెప్పింది. నీ కోపం న్యాయమే. కానీ మా జూలో దొరసాని అని మేం పిలుచుకునే తెల్ల ఎలుగుబంటిని, నేను ప్లాను గీసిన కొత్త ఆవరణలోకి మార్చింది సరిగ్గా ఆ రోజే.

పాత చోట అంతా సిమెంటు నేల. పాపం, పొద్దస్తమానం గోడ వెంబడే అటూ ఇటూ తిరుగుతుండేది. కొత్తదాంట్లో లోతైన కొలను, తవ్వుకోవడానికి మట్టి, దూరం చూడటానికి గుట్ట పెట్టాను. జనం కంటపడకుండా ఉండాలనిపిస్తే గుట్ట వెనక చాటు కూడా ఉంది. ఆ చాటు దగ్గరే డైరెక్టరుగారితో పేచీ వచ్చింది.

"టిక్కెట్టు కొన్నవాళ్ళకి ఎలుగు కనబడొద్దా అమ్మా?" అన్నారు.

"ఇంటినిండా చుట్టాలుంటే మనకి మాత్రం కాసేపు గది తలుపు వేసుకోవాలనిపించదా సార్?" అన్నాను.

అయిష్టంగానే ఒప్పుకున్నారు.

మార్చే రోజున తలుపు తీశాం. దొరసాని గుట్టెక్కి, ముక్కు పైకెత్తి గాలి వాసన చూసి, నేరుగా చాటుకి పోయింది. డైరెక్టరుగారి మొహం చూడలేకపోయాను. కాసేపటికి తనంతట తనే బయటికొచ్చి, తనివితీరా ఈతకొట్టి, జనం నిలబడి చూసే అద్దం గోడ పక్కనే అందరి ఎదుటా వెల్లకిలా పడి నిద్రపోయింది.

దానికి రోజూ తిండిపెట్టే అక్క కళ్ళొత్తుకుంటూ, "ఇది పగలు కునుకు తీయడం ఇదే మొదటిసారి చూస్తున్నా," అంది. డైరెక్టరుగారే పెదవులమీద వేలుంచుకుని, అద్దం తట్టబోయినవాళ్ళని ఆపారు.

చెల్లాయినీ మరిదిగారినీ ఓసారి ఇటు పంపు పిన్నీ. దగ్గరుండి చూపిస్తాను. లోపలికొచ్చాక మాత్రం మెల్లిగా మాట్లాడమను.

నీ
పెద్దది