ఆయన బ్రాందీ, నా నాలుక

1931 ఫిబ్రవరి 3, మంగళవారం
డాక్టరు గారిది మళ్ళీ అదే మాట — కడుపులో పుండు, బ్రాందీ చుక్క తగలకూడదు. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. "దొర సీమకు పోతా పోతా ఇచ్చిన ఫ్రాన్సు సీసా... ఇరవై ఏండ్లు దాచి ఏం లాభం." కాలవ ఓవర్సీరుగా ఉన్నప్పుడు ఆ ఇంజనీరు దొర బంగళాలో ఒక్క గుక్క తాగారట. సాయంత్రానికి కొత్త పట్టు. నేను తాగి, ఎలా ఉందో చెప్పాలట! మిషన్ బడి పంతులమ్మను. చర్చిలో ప్రభు బల్ల దగ్గర ద్రాక్షరసం తప్ప ఏదీ ముట్టనిదాన్ని. సిగ్గు లేదా ఈ మనిషికి.

ఫిబ్రవరి 5
తాగాను. గొంతులో నిప్పు. దగ్గు. ఆయన నవ్వారు — ఎన్నాళ్ళకో! "అట్ల మింగుతారా ఏమే, కషాయమా అది?" మంటగా ఉందన్నాను. "మంట ఎవురైనా చెప్తారు. మంట ఎనకాల ఏముండాదో చెప్పు."

ఫిబ్రవరి 6
పాఠం మొదలు. గ్లాసు అరచేతిలో పెట్టుకుని వెచ్చబెట్టాలి. ముక్కుకు ఆనించకూడదు, గడ్డం దగ్గరే ఆపాలి. తర్వాత నాలుక తడిసేటంత. నిజమే — మంట వెనక ఎండుద్రాక్ష. ఇంకా వెనక, మాడీ మాడని బెల్లం పాకం. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు.

ఫిబ్రవరి 8, ఆదివారం
నోటి వాసన తెలియకుండా లవంగం నమిలి చర్చికి వెళ్ళాను. పాస్టరు గారి భార్య పక్కనే కూర్చుంది. "పన్ను నొస్తాందా అక్కా?" అవునన్నాను. దేవుని ఇంట్లో అబద్ధం. ఇంటికొచ్చి చెబితే ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు, నొప్పి అంటూనే.

ఫిబ్రవరి 14
ఈ రోజు కమలా తొక్క. ఆయన వదల్లేదు — "పాత టేకు పెట్టె తెరిస్తే వచ్చే వాసన రాలే?" వచ్చింది. ముప్పై ఏళ్ళు చెక్క పీపాలో ఉందట. సీసాలోకి దిగాక ఇక వయసు పెరగదట. "నా దగ్గర అది అట్లే ఉండాది. నేనే ముసలోడైపోతి."

ఫిబ్రవరి 21
ఆయనకు అన్నం లోపలికి పోవడం లేదు. మజ్జిగ రెండు చెంచాలు. అయినా గ్లాసు వేళ మాత్రం మరిచిపోరు. నేనూ ఆ వేళ కోసమే చూస్తున్నాను... ఎవరితో చెప్పను, నాకు ఇష్టమైంది. ఆ రుచా, నా నోటివంక ఆయన చూసే చూపా — తెలియదు. పెళ్ళయి ఇరవై ఆరేళ్ళు. ఇంతసేపు నా మాట ఎప్పుడూ వినలేదు.

ఫిబ్రవరి 22
రాత్రి గ్లాసు కడగలేదు. పొద్దున ఖాళీ గ్లాసులో తేనె వాసన. ఆయన ముక్కు దగ్గర పెట్టాను.

మార్చి 2
డాక్టరు గారు చాలాసేపు కడుపు నొక్కి చూశారు. వసారాలోకి వచ్చి, చేతులు తుడుచుకుంటూ — "ఏమడిగినా ఇవ్వండమ్మా. బ్రాందీ అయినా సరే." నా మొహం చూడలేదు. నాకు అర్థమైంది.

ఆ మాట ఆయనకు వినబడింది. మొహం వెలిగిపోయింది. "ఇంటివా? సరే అన్నాడు! పుండు మానుతాండాది నాకు. తే... ఈ పొద్దు నాకు పొయ్యి."

పోశాను. గ్లాసు వెచ్చబెట్టి తెస్తానని చెప్పి వంటింట్లోకి వచ్చాను. కూర్చుని ఇది రాస్తున్నాను. లోపలి నుంచి కేక —

"ఏమే, ఇంకా కాలేదా? శానా పొయ్యొద్దు... రేపటికీ ఉండల్ల!"