రెండు మూతలు

చిరంజీవి సౌభాగ్యవతి అయిన కోడలికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

ఉత్తరం పైన తేదీ, ఊరు వేయని పిల్లలకు నేను మార్కులు కోసేవాణ్ణి. నేడు నేనే వేయలేదు. ఈ నాలుగు మాటలు రాయడానికి ఎన్నాళ్ళు తాత్సారం చేశానో ఆ తేదీ బయటపెడుతుంది.

నిన్న మీ అక్క ఫోను చేసింది. "మా ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ చెల్లి, పొయ్యి ఆర్పానా లేదా అని పదేపదే లేచి చూసుకుంటోంది బాబాయిగారూ. అమ్మకొచ్చిన మతిమరుపే తనకూ వచ్చిందట. సోమవారం డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నా" అంది. "అలాగేనమ్మా" అన్నాను. ఫోను పెట్టేశాను.

అమ్మా, నీకు మతిమరుపు లేదు.

నీ అరటిపండు రొట్టె రుచి చూసి నిన్ను పనిలోకి తీసుకుందామని బేకరీ ఆవిడ వచ్చిన రోజు, పొద్దున్నే నేను వంటింటి సీసాలు కడిగి, మూతల మీద పేర్లు రాసి అంటించాను. ఉప్పు సీసాకు వంటసోడా మూత, సోడా సీసాకు ఉప్పు మూత పెట్టాను. ముప్ఫైయొక్క ఏళ్ళు ఇతరుల తప్పులు వెదికిన కళ్ళకు అది కనబడలేదు. నీవు పండ్లు మెదిపి, పిండి కలిపి, మూత చదివి, సోడా అనుకొని చెంచాడు ఉప్పు వేశావు. రొట్టె పొంగలేదు. ఆవిడ ఒక ముక్క కొరికి, "రొట్టె చేశావా అమ్మాయీ, ఊరబెట్టావా?" అని నవ్వింది. మావాడు ఊరుకోలేదు. "చెంచాడు ఉప్పు పోసి తెలీలేదంటావేంటి? మతి ఎక్కడ పెట్టావ్?"

ఆవిడకు మంచినీళ్ళు తెచ్చే నెపంతో నేను లోపలికి వెళ్ళి, సీసాలో వేలు ముంచి నాకాను. తెలిసిపోయింది. మూతలు మార్చాను. వెనకే నీవు వచ్చావు. "చూసే వేశాను మామయ్యగారూ, ఒట్టు" అంటూ రెండు సీసాలూ రుచి చూశావు. సరిగ్గానే ఉన్నాయి. నీ ముఖం పాలిపోయింది. నేను "పనిలో శ్రద్ధ ఉండాలమ్మా" అన్నాను. కొడుకు ముందు, పరాయి మనిషి ముందు మాస్టారు తప్పు చేశారని అనిపించుకోలేక అన్న మాట అది.

ఈ ఉదయం బేకరీకి వెళ్ళి ఉన్నదున్నట్లు చెప్పాను. నిన్ను మళ్ళీ రమ్మంటుందనుకున్నాను. "మీరా మాస్టారూ!" అని, ఆవిడ పిండి జల్లించుకుంటూ ఉండిపోయింది.

క్షమించమని అడిగే అర్హత నాకింకా రాలేదు. ఆదివారం మావాడు అక్కడికి వస్తాడు. ఈ ఉత్తరం మీ అక్క ఎదుట, వాడి చేతే గట్టిగా చదివించు. మూతలు మార్చిన చోట వాడు గొంతు తగ్గిస్తే, ఆ వాక్యం మళ్ళీ చదవమను.

ఇట్లు,
మీ మామయ్య