రాని వాళ్ళ పొలాలు

ప్రాణంలాంటి లింపో అక్కకు,

మసేరు పట్నంలో నువ్వు బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో నాకూ ఒక మిషను చూసిపెట్టు. ఊడ్చే పనైనా సరే. అత్తయ్యకు ఇంకా చెప్పలేదు, చెప్పే ధైర్యం లేదు.

పిల్లలు చాలడం లేదని ఈ ఏడాదితో మా ఊరి బడి మూసేస్తారట. చాలకపోక ఏమవుతారు? గనుల్లో పనులు పోయినా మగవాళ్ళు ఊరికి రాలేదు, దక్షిణాఫ్రికాలోనే చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. ఆడపిల్లలు మీ ఫ్యాక్టరీల దారి పట్టారు. బడి పిల్లలకు సంగటి వండితే వచ్చే కాస్త జీతంతోనే నేనూ అత్తయ్యా బతుకుతున్నాం. అదీ పోతే మా పొయ్యిలో పిల్లి లేవదు.

మొన్న జనాభా లెక్కలమ్మాయి వచ్చింది. ఇంట్లో ఎంతమందని అడిగితే అత్తయ్య తడుముకోకుండా చెప్పింది. "నలుగురం. నేను, నా కోడలు, నా కొడుకు మొఖెలె, మనవడు తుమెలో."

మొఖెలె వెళ్ళి తొమ్మిదేళ్ళు. అక్కడ ఇంకో ఇల్లు పెట్టాడని నీకు తెలుసు. ఇక తుమెలో. అందరు కొత్తకోడళ్ళకీ పెట్టినట్టే పెళ్ళినాడే నాకూ పుట్టబోయే బిడ్డ పేరు కలిపి మాతుమెలో అని పెట్టారు, తుమెలో తల్లినని. ఆ బిడ్డ పుట్టనే లేదు, ఊరంతా నన్ను అలాగే పిలుస్తోంది. "బాబు ఏ తరగతమ్మా?" అని ఆ పిల్ల నన్నే అడిగింది. లోపలికెళ్ళి ఏడ్చాను.

ఆమె వెళ్ళాక అత్తయ్య మీద విరుచుకుపడ్డాను. "లేనివాణ్ణి ఎందుకు చెప్పారత్తయ్యా?"

"బళ్ళో ఒక తల ఎక్కువైతే నీ కుండ పొయ్యి మీదుంటాదని చెప్పినానే. తప్పా?"

ప్రతి ముసలమ్మా అలాగే చెప్పిందట. లెక్కలో మా ఊరు కిటకిటలాడుతోంది అక్కా. సాయంత్రం పొగ లేచే ఇళ్ళు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

కొండ అవతల నుంచి గొర్రెలు తోలుకొచ్చి పాత పశువుల పాకల్లో ఉంటున్న, వేరే భాష మాట్లాడే ఖోసా వాళ్ళు కాస్త పొలం అడిగారు. వాళ్ళకు పిల్లలు బోలెడు. ఊరిపెద్ద లెట్లాకా "ఖాళీ పొలం యాడుంది? అన్నిటికీ మనుషులుండారు" అని పంపేశాడు. ఎవరా మనుషులు? రాని మగవాళ్ళే. మా పొలమూ అంతే. సాగు ఆపితే ఊరిపెద్ద తీసేసుకుంటాడని, కొడుకు కోసం అత్తయ్య ఏటా ఎలాగో దున్నించి నిలబెట్టుకుంటోంది. నాకిక్కడ ఊపిరాడటం లేదు. తొందరగా జవాబు రాయి.

నీ చెల్లి
మాతుమెలో

అక్కా,

మిషను దొరికిందన్న నీ ఉత్తరం అత్తయ్యకు చదివి వినిపించాను. "పో. నాతో పాటు నువ్వెందుకు ఎండిపోవడం" అంది. నేను మూట కూడా కట్టుకున్నాను.

మర్నాడు ఊరంతా కూర్చున్న చోటికి నొంబులెలో అనే ఖోసా ఆమె పిల్లల్ని వెంటేసుకుని వచ్చి మళ్ళీ పొలం అడిగింది. "మాట్లాడతాందా, పేలాలు యేపతాందా?" అని ఆమె ఖోసా మాటల్లోని టకటకల్ని ఎవరో వెక్కిరిస్తే అందరూ నవ్వారు. అత్తయ్య కర్ర పట్టుకుని లేచింది.

"మొఖెలె పొలం ఈమెకియ్యి."

"రేపు వాడొస్తే?" అన్నాడు లెట్లాకా.

"రాడు. వానికి ఆడ పెండ్లాం పిల్లలుండారు. నాకు తెలీక కాదు. మా ఇంట్లో ఉండేది ఇద్దరమే."

ఎవరూ నవ్వలేదు. ఇంటివాళ్ళే లేడన్నాక ఆ మగవాడి పొలం ఊరిపెద్ద చేతికి వచ్చినట్టే. ఇంకో ముసలమ్మ కూడా లేచింది. మరొకామె కంబళి ముఖం మీదికి లాక్కుని అలాగే కూర్చుండిపోయింది.

దారిలో అత్తయ్య కూలబడింది. "నా కొడుకును నా నోటితోనే పూడ్చిపెట్టినానే" అని గుండెలు బాదుకుంది. నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను.

పొలం దక్కి ఊళ్ళోనే నిలబడ్డారు కాబట్టి నొంబులెలో పిల్లలు బడికొస్తున్నారు. ఇంకో ఏడాది చూస్తామన్నారు పైవాళ్ళు, అంతకుమించి మాటివ్వలేదు. పొలం పోయింది. బడి కూడా పోతే ఏం తింటామో తెలియదు. రాత్రిళ్ళు భయంతో నిద్ర పట్టడం లేదు. అయినా అత్తయ్యను వదిలి రాలేనక్కా.

ఆ మిషను ఇంకెవరికైనా ఇప్పించు. మా ఊరి పిల్లకు మాత్రం వద్దు.

నీ చెల్లి
మాతుమెలో