ఖాదర్ దువాకు ఆమీన్

జనవరి 2003, ఆదివారం రాత్రి

ఒళ్లు హూనమైంది. మసీదు వాళ్లతో నిజాంసాగర్ అవతలి అడవికి వెళ్లి వచ్చాను. వీపున సంచులు, ముందు దారి చూపే తండా మనిషి. ప్రయాణంలో ఒకరిని అమీర్‌గా ఎన్నుకుని ఆయన మాట వినాలన్నది మా ఆచారం. అందరూ ఖాదర్‌నే ఎన్నుకున్నారు. వాడు నా భార్య తమ్ముడు, బావనైన నన్ను దూలాభాయ్ అంటాడు. నన్ను మసీదు కమిటీలోంచి తీసేయించిన ఘనుడు. అప్పటి నుంచి మా మధ్య మాటల్లేవు.

గుట్ట ఎక్కుతుంటే నా మోకాలు మొరాయించింది. ఖాదర్ నా సంచి లాక్కుని భుజానికెత్తుకున్నాడు.

"గింత బరువేంది దూలాభాయ్? పుస్తకాలన్నీ మోసుకొచ్చినవా?"

అందరూ నవ్వారు. చరిత్రలో ఇలాంటి దయగల రాజుల గురించి చాలా చదివాను. పదిమంది చూస్తేనే సాయానికి వాళ్ల చేయి లేస్తుంది.

సాయంత్రం నమాజు బండ మీద కూర్చునే చేశాను. చివర అందరి తరఫున వేడుకోడానికి ఖాదర్ దువాకు చేతులెత్తాడు.

"యా అల్లా, మా దూలాభాయ్ మోకాలు మంచిగ జెయ్యి."

అందరూ ఆమీన్ అన్నారు. నేను పళ్లు బిగించాను. అనకపోతే నష్టం నా మోకాలికే. వాడికి వినబడకుండా అన్నాను.

ఇప్పుడు నొప్పి కాస్త తగ్గినట్టే ఉంది. రేపు మసీదులో వాడు అడిగితే ఏం చెప్పాలి...